లైట్ క్రీమ్ అడిగిన పిల్ల

ముప్పై రెండేళ్లు నేను మొహాలు చూసి బతికాను. జాతకాలు చెప్పలేదు, క్రీములు అమ్మాను. కొత్తగూడెం బజారులో ఒక ఫ్యాన్సీ స్టోరు, అందులో ఎడమ పక్క గాజు అల్మారా, దాని వెనుక నేను. ఏడో తరగతిలో బడి మానేశాను. లెక్కల సారుకు నేను బరువు, నాకు లెక్కలు బరువు. ఒకరినొకరు దించుకుని హాయిగా విడిపోయాం. ఇంగ్లిషు అక్షరాలు మాత్రం వచ్చు. ఒక్కొక్కటి విడిగా ఎదురైతే పలకరిస్తాను. కుటుంబంతో కలిసి వస్తేనే ఎవరో గుర్తుపట్టలేను.

అలాంటిదాన్ని డబ్బాల మీద రాసింది చదవకుండా ఎలా అమ్మానంటారా? రంగులు. ఆకుపచ్చ మూత మొటిమలకు, గులాబీ డబ్బా చలికాలానికి, పసుపు ట్యూబు పెళ్లికూతుళ్లకు. కంపెనీల ఏజెంట్లు బండి మీద వచ్చి గడగడా చెప్పి పోయేవారు. వాళ్లు చెప్పినదాంట్లో సగం గుర్తుండేది. మిగతా సగం నేనే సమకూర్చేదాన్ని. నవ్వించి అమ్మితే ఎవరూ ప్రశ్నలు వేయరని మొదటి ఏడాదిలోనే కనిపెట్టాను.

కౌంటరు దిగి రెండేళ్లయింది. ఇప్పుడు అక్కడ నిలబడుతున్న అమ్మాయిలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, ఏదైనా కిటుకు చెప్పమంటారు. కిటుకులు మీ ఫోన్లలో ఉన్నాయి తల్లీ. నా దగ్గర ఉన్నది ఒక తప్పు. అది ఫోన్లో దొరకదు, వినండి.

నేను దిగిపోవడానికి ముందు చలికాలం. పొద్దున్నే షట్టరు ఎత్తి, అల్మారా అద్దం తుడుస్తున్నాను. ఒక పిల్ల వచ్చి నిలబడింది. ఇరవై నాలుగు, ఇరవై అయిదు ఉంటాయి. చామనఛాయ కూడా కాదు, నల్లని నలుపు. మొహం నూనె రాసిన కొత్త రోకలిలా మెరుస్తోంది. ముక్కు పక్కన, గడ్డం కింద చిన్న చిన్న మొటిమలు. చేతిలో గని టోపీ వేలాడుతోంది. ఫ్యాన్సీ స్టోరుకు అలవాటున్న మనిషి కాదని తెలుస్తూనే ఉంది. అద్దానికి చెయ్యి తగలకుండా నిలబడింది.

"అక్కా, లైట్ క్రీమ్ ఉన్నదా? నా మొహం మస్తు జిడ్డుగైతది."

ఆ రెండు ముక్కల్లో నా చెవికి ఎక్కింది ఒకటే ముక్క. లైట్. నా కన్ను ఆమె రంగు మీద ఉంది, చెవి లైట్ మీద ఉంది, చెయ్యి దానంతట అదే పసుపు ట్యూబు మీదికి పోయింది. నాలుక ఊరుకుంటుందా? "ఇది పెట్టుకో బిడ్డా. పదిహేను దినాలల్ల ట్యూబ్‌లైట్ లెక్కయితవ్. గనిలకు లైటు బుగ్గలు గూడ అక్కెర లేదు, నువ్వు పోతే చాలు" అన్నాను. పక్కన గాజుల కౌంటరు వదిన పళ్లు కనపడకుండా నవ్వింది. ఆ వదిన చదువు అయిదో తరగతి. నా ఏడు, ఆమె అయిదు కలిపితే పన్నెండు, మా షాపులో ఇద్దరం కలిసి ఇంటర్ పాసయ్యామని నేను అందరికీ చెప్పేదాన్ని.

ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. ట్యూబును అటూ ఇటూ తిప్పి చూసింది. అడిగినదానికీ, ఇచ్చినదానికీ పొంతన కుదరలేదని ఆమె మొహంలో కనిపించింది. నాకు కనిపించలేదు, ఇప్పుడు గుర్తు చేసుకుంటే కనిపిస్తోంది. డ్యూటీలో పెట్టుకోవచ్చా అని అడిగింది. డ్యూటీలోనే ఏం ఖర్మ, నిద్రలో కూడా పెట్టుకోమన్నాను. వెళ్లిపోయింది.

ఎనిమిది రోజులకు మళ్లీ వచ్చింది. ఈసారి నుదుటి మీద నుంచి కణతల వెంట, చెంపల మీదుగా గడ్డం కింది దాకా ఒకే గీత, ఎర్రగా, కొన్ని చోట్ల తోలు లేచి. గిన్నె బోర్లించి చుట్టూ బలపంతో గీసినట్టు ఉంది. నేను చూసిన మొహాల్లో అలాంటిది లేదు. అయినా నా నోరు నా మాట వినదు కదా. ఎవరు బిడ్డా నీ మొహానికి హద్దురాళ్లు పాతింది అన్నాను.

ఆమె ట్యూబును అద్దం మీద పెట్టింది. గొంతు పెంచలేదు.

"నేను తెల్లగైతనని అడగలే అక్కా. మొహం మీద బరువు లేకుండ ఉండాలని అడిగిన."

ముప్పై ఏళ్లలో నన్ను చాలామంది తిట్టారు. క్రీమ్ రాసుకుంటే మంట పుట్టిందని ఒకామె ట్యూబు విసిరికొట్టింది కూడా. ఏ తిట్టుకైనా నా దగ్గర తిరుగు జోకు ఉండేది. ఈ మాటకు మాత్రం స్టూలు లాగి కూర్చోమన్నాను. అప్పుడు చెప్పింది, నెమ్మదిగా, ఒక్కొక్కటి.

ఆమెది భద్రాచలం అవతల అడవిలో ఒక పల్లె. గనిలో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు రెస్క్యూ టీంకు ట్రైనింగ్ తీసుకుంటోంది. గనిలో నిప్పు పుట్టినా, గ్యాసు కమ్మినా అందరూ బయటికి ఉరుకుతారు. ఆ సమయంలో లోపలికి పోయేవాళ్లు వీళ్లు. వీపు మీద గాలి పెట్టె, మొహానికి రబ్బరు అంచున్న మాస్కు. ఆ అంచు చర్మానికి అతుక్కుని ఉండాలి. వెంట్రుక పట్టేంత సందున్నా పొగ లోపలికి వస్తుంది. ఆమె మొహం జిడ్డుకు అంచు జారుతోంది. జిడ్డు పోవాలని సబ్బు పెట్టి రోజుకు అయిదారుసార్లు తోమింది. అది బట్టల సబ్బుకు చెల్లెలు వరసయ్యే సబ్బు. చర్మం ఎండి, రబ్బరు తగిలిన చోట మంట పుట్టడం మొదలైంది. విచిత్రం ఏమిటంటే, జిడ్డు తగ్గలేదు, పెరిగింది. ట్రైనింగ్ సారు చూసి, సబ్బు మానెయ్, డ్యూటీ దిగినంక ఏదన్న లైట్ క్రీమ్ రాసుకో అన్నాడు. ఆ సారు నోటి మాటను ఆమె పొల్లుపోకుండా నా దాకా మోసుకొచ్చింది. నేను ఆమె చేతిలో పెట్టింది మొహాన్ని తెల్ల చేసే మందపాటి మలాము.

అది రాసుకుంటే రబ్బరు జారి, ఒరుసుకుని తోలు లేచింది, అలాగే టెస్టుకు పోయింది. పొగ గదిలో మాస్కు జారింది. దగ్గింది. దగ్గిన మనిషిని బయటికి రమ్మన్నారు. ఇంకొక్క అవకాశం ఉంది, పద్నాలుగు రోజుల తర్వాత. అందులోనూ పోతే రెస్క్యూ లేదు, పైన బొగ్గు మోసే బెల్టు దగ్గర ఊడ్చే పనికి పంపిస్తారు.

ఊడిస్తే ఏమైంది, పొగలోకి పోయే పనే కావాలా నీకు అని అడిగాను. ఎగతాళికి కాదు, నిజంగానే అర్థం కాక.

"మా ఊళ్ల ఎవరన్న అడివిల తప్పిపోతే ఊరు ఊరంత పోతది అక్కా, ఎతకనీకి. ఈడ గనిల తప్పిపోతే ఆరుగురే పోతరంట. ఆ ఆరుగుర్ల నేనుండాలె."

నేను వదిన వైపు చూశాను. వదిన గాజుల వైపు చూసింది. ఆ పిల్లను రెండు రోజులాగి రమ్మన్నాను. మొహానికి అందాకా చల్లటి నీళ్లు తప్ప ఏదీ తగలనివ్వొద్దని, తోలు లేచిన చోటు మానకపోతే దవాఖానాలో చూపించుకోమని చెప్పాను. ఆమె బస్సెక్కింది. నేను అల్మారా ముందు నిలబడ్డాను. ముప్పై ఏళ్లుగా నావి అనుకున్న డబ్బాలు ఒక్కటి కూడా నాకు తెలియదని ఆ నిమిషంలో తెలిసింది. ఆకుపచ్చ, గులాబీ, పసుపు. హోలీ ఆడుకోవడానికి తప్ప దేనికీ పనికిరాని జ్ఞానం.

ఏజెంటుకు ఫోన్ చేసి తేలికపాటిది ఏదని అడిగాను. అన్నీ తేలికే అన్నాడు. షాపు సేటును అడిగితే, నీకు తెలియంది నాకేం తెలుస్తుంది అన్నాడు. ఎప్పుడూ అనే మాటే, అది పొగడ్త అనుకుని ముప్పై ఏళ్లు మోసపోయాను.

నాలుగింటికి వదినా నేనూ ఎప్పటిలాగే బండి మీది మిర్చి బజ్జీలు తెప్పించుకున్నాం. తినడం అయ్యాక చేతిలో కాగితం మిగిలింది. బజ్జీ కూర్చున్న చోట కాగితం అద్దంలా అయ్యి, వెనక పక్క వార్త ఇటు పక్కకు కనిపిస్తోంది. నీళ్లు పడితే కాగితం ఆరిపోతుంది, నూనె పడితే ఆరదు. ఈ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలుసు. క్రీముకు కూడా ఇదే వర్తిస్తుందని బుర్రలో వెలగడానికి మాత్రం ఆ పిల్ల మొహం మీద గీత పడాల్సి వచ్చింది.

పాత పేపరు చించి పదకొండు ముక్కలు చేశాం. అల్మారాలో రాసి చూపించడానికి పెట్టుకున్న పదకొండు డబ్బాల్లోంచి పెసరగింజంత చొప్పున తీసి, ఒక్కో ముక్క మీద ఒక్కోటి పూశాం. పక్కన పేరు రాయడం మా ఇంటర్ చదువుకు మించిన పని కనుక మూత బొమ్మ గీశాం. రిబ్బన్లు వేలాడదీసే దారానికి క్లిప్పులతో తగిలించాం. సేటు వచ్చి చూసి, "ఇది దుకాణమా, ధోబీఘాటా?" అన్నాడు. పరీక్షలు జరుగుతున్నాయి, మాట్లాడొద్దన్నాను.

ఇదేమీ శాస్త్రం కాదు పిల్లలూ, నన్ను పట్టుకుని ప్రొఫెసరును చేయకండి. కానీ మర్నాడు ఆ ముక్కలు ఒక్కొక్కటి ట్యూబ్‌లైటుకు ఎదురుగా పెట్టి చూశాను. పసుపు ట్యూబు ముక్కలోంచి వెనక పక్క రాశిఫలాలు చదువుకోవచ్చు. జిడ్డు మొహాలకని చెప్పి నేను సంచుల కొద్దీ అమ్మిన ఆకుపచ్చ మూత కూడా మచ్చ వేసింది. ఎనిమిది ముక్కలు అద్దాలయ్యాయి. మూడు మాత్రం కాస్త ముడతపడి, మామూలు కాగితాల్లాగే ఉన్నాయి.

ఆ పిల్ల వచ్చి మూడింటినీ ముందు పెట్టుకుంది. ఇక్కడి నుంచి పరీక్ష నా చేతుల్లోంచి ఆమె చేతుల్లోకి పోయింది. మొదటిది వాసన చూసి పక్కకు జరిపింది. మల్లెపూల వాసన, నాకు ఇష్టం. మాస్కు లోపల గంటల తరబడి ఇదే పీల్చాలి, తల తిరుగుతుంది అంది. నాకు తట్టనే లేదు. రెండోది మణికట్టు మీద రాసి, ఆరాక వేలితో రుద్దింది. రబ్బరు పెట్టి తుడిపితే వచ్చే పొట్టులా సన్నగా ఉండలు కట్టింది. మాస్కు అంచు కింద అది ఉంటే ఇసుకతో సమానం అంది. మిగిలింది మూడోది, తెల్ల డబ్బా, నీలం అక్షరాలు. వేలికి తగిలితే చల్లగా జావలా ఉంది, రాస్తే చర్మంలోకి దిగిపోయింది, వాసన లేదు, ఉండ లేదు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. "అది కాదు బిడ్డా, పెట్టెయ్. దాంట్ల ఆయిలున్నది. మీదనే రాసిండ్రు చూడు, ఆయిల్ ఫ్రీ అని" అన్నాను. అక్షరాలు కూడబలుక్కుని నేను చదివిన కొద్ది డబ్బాల్లో అదొకటి. గర్వం కూడా ఉండేది.

ఆమె నన్ను చూసింది. "ఆయిల్ ఫ్రీ అంటే ఏందక్కా?"

"ఏందేంది? సబ్బుకు డబ్బా ఫ్రీ, టీ పొడికి చెంచా ఫ్రీ. దీంట్ల ఆయిల్ ఫ్రీ."

ఆమె డబ్బా తీసుకుని ఆ అక్షరాల మీద వేలు పెట్టింది. నన్ను నొప్పించకుండా చెప్పే దారి వెతుకుతోందని అర్థమైంది. చివరికి, అక్కా, ఈ ఫ్రీ అంటే ఇచ్చుడు కాదు, లేకపోవుడు అంది.

నాలుగేళ్లుగా ఆ తెల్ల డబ్బాను నేను ఎవరికి అమ్మానో తెలుసా? చలికి పెదాలు, చెంపలు పగిలి నెత్తురు కారుతూ వచ్చినవాళ్లకు. కంపెనీ వాడు ఆయిల్ ఉచితంగా ఇస్తున్నాడు తల్లీ, వదులుకోకు అని చెప్పి మరీ. వదిన అప్పుడు గాజుల లోంచి తల ఎత్తి, నాకు తెలిసి తన జీవితంలో ఒకే ఒక్క జోకు వేసింది: "గందుకే ఎవ్వరు రెండోపారి రాలే."

ఇక ఆ పద్నాలుగు రోజుల్లో మిగిలినవి పదకొండు. మొదట చెవి కింద రెండు రోజులు రాసి చూడమన్నాను, దురద వస్తుందేమోనని. రాలేదు. సబ్బు బంద్. మెత్తటి ఫేస్‌వాష్‌తో రోజుకు రెండే సార్లు, రుద్దకుండా. డ్యూటీ దిగి కడుక్కున్నాక, మొహం ఇంకా కాస్త తడిగా ఉన్నప్పుడే పెసరగింజంత. పొద్దున డ్యూటీకి ముందు ఏమీ రాయకూడదు, ఉత్త నీళ్లు. ఆ చివరి షరతు ట్రైనింగ్ సారుది. మాస్కు పెట్టే మొహం మీద ఏ క్రీమూ ఉండొద్దట, ఎంత తేలికదైనా. జిడ్డు మొహానికి మళ్లీ క్రీము ఎందుకని ఆమెకు మొదట అనుమానం. నాకూ అనుమానమే. కానీ చర్మానికి తిండి దొరక్క అది సొంతంగా నూనె గానుగ ఆడుకుంటోందని నేనొక కథ అల్లి చెప్పాను. కథ సగమే నిజమై ఉండొచ్చు. పని మాత్రం జరిగింది. రెండు రోజులకోసారి డ్యూటీ దిగి షాపు ముందు ఆగి మొహం చూపించి పోయేది. ఆరో రోజుకు ఎర్ర గీత గోధుమరంగుకు వచ్చింది. తొమ్మిదో రోజుకు ముక్కు పక్కన మెరుపు తగ్గింది. ముప్పై రెండేళ్లు చర్మాలకు వస్తువులు అమ్మిన నేను, ఒక చర్మం తనను తాను కుట్టుకోవడం రోజూ నిలబడి చూసింది అప్పుడే. అంత తోమినా, అంత రాపాడించినా, కాస్త ఊరుకోగానే మనిషిని క్షమించేస్తుంది. నా లెక్కల సారు కూడా అంత తొందరగా క్షమించలేదు.

మధ్యలో ఒక గండం. ఊళ్లో పండుగ, ఒకరోజు పోయి రావాలి. పోతే వాళ్లమ్మ ఇప్ప నూనె తీస్తుంది. చలికాలం బిడ్డ ఇంటికొస్తే తల నుంచి పాదం దాకా ఇప్ప నూనె పట్టించడం వాళ్ల ఇంటి పద్ధతి. వద్దంటే పండుగ పూట తల్లి మనసు కష్టపడుతుంది. పోకుండా ఉండలేదు, వద్దని చెప్పనూ లేదు. ఏం చేసిందో అని నేను ఆ రోజంతా డబ్బాలు తప్పుగా ఇచ్చాను. తిరిగొచ్చి చెప్పింది. తల్లి నూనె గిన్నె పట్టుకుని ఎదురుగా కూర్చుని, బిడ్డ మొహం మీది గీతను చూసి, అంతా అడిగి తెలుసుకుందట. తర్వాత గిన్నె పక్కకు జరుపుకుని, "మొహం నీ డ్యూటీది, కాళ్లు నావి" అని పాదాలకు మాత్రం పట్టించిందట. ఆ మాట వాళ్ల కోయ భాషలో ఎలా ఉంటుందో చెప్పించుకుని నేను నాలుగు రోజులు వల్లెవేశాను. ఇప్పుడు మరిచిపోయాను. అర్థం మరిచిపోలేదు.

టెస్టు రోజు ఇంటివాళ్లు కూడా వచ్చి చూడొచ్చన్నారు. ఆమె తల్లి వచ్చింది. ఆమెకు తెలుగు కొంచెమే, తోడుగా ఉండమని నన్ను పిలిచింది ఆ పిల్ల. షామియానా కింద కుర్చీలు వేశారు. ఎదురుగా పొగ గది, దానికి ఒక పెద్ద అద్దం కిటికీ. లోపల పొగ తప్ప ఏమీ లేదు. తెల్లగా, మందంగా, కదలకుండా. అద్దానికి అవతల గోడ కట్టారేమో అనుకున్నాను.

ఆరుగురు వచ్చి వరుసగా నిలబడ్డారు. అందరూ ఒకేలా ఉన్నారు. ఆమె ఎవరో తల్లి ఎత్తును బట్టి చూపించింది. మాస్కులు పెట్టుకున్నారు. పట్టీలు బిగించారు. తర్వాత ఒక్కొక్కరు మాస్కు పైపు మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి గాలి లోపలికి పీల్చారు. మాస్కు మొహానికి పీక్కుపోయి అతుక్కుంటే సరే. ఊపిరి దొరికిందంటే ఎక్కడో సందున్నట్టు. ఊపిరి ఆడితే ఫెయిలయ్యే పరీక్ష నేను అంతకు ముందు వినలేదు. ఆమె పీల్చింది. మాస్కు అతుక్కుంది. సారు దగ్గరికొచ్చి అంచు వెంట వేలు తిప్పి చూశాడు. చెంప దగ్గర ఆగాడు. వేలు ముందుకు కదిలింది.

వాళ్లు తలుపు తీసుకుని పొగలోకి పోయారు. పోయారంటే, నడిచి పోవడం కాదు, లేకుండా పోవడం. రెండడుగులకు నడుము దాకా మాయం, మూడో అడుగుకు మనిషి మాయం. శబ్దం లేదు. ఉండుండి ఒక హారన్ మోత, దానికి జవాబుగా ఇంకో మోత. తల్లి నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి గట్టిగా, వెచ్చగా ఉంది. ఎవరు ముందు దగ్గుతారో అని నేను తలుపు వైపే చూస్తున్నాను. ఒకసారి తలుపు తెరుచుకుంది. ఒక అబ్బాయిని బయటికి పంపించారు. మాస్కు తీసి మోకాళ్ల మీద వంగి దగ్గాడు. తలుపు మూసుకుంది. ఆమె లోపలే ఉంది.

ఆ పొగకూ ఆమె ప్రాణానికీ మధ్య ఉన్నది వేలెడు వెడల్పు రబ్బరు, దాని కింద వేలెడు చర్మం. నేను పసుపు ట్యూబు పూసి పాడుచేసిన చర్మం. దాని మీదే ఆమె మొత్తం బరువు ఉంది. నాకు అప్పటిదాకా చర్మం అంటే కనిపించేది, అంతే.

ఎంతసేపో తెలియదు. తలుపు పూర్తిగా తెరుచుకుంది. పొగ ముందు వచ్చింది, పొగలోంచి స్ట్రెచర్ వచ్చింది, దాని మీద మనిషంత బొమ్మ. ముందు వైపు కాడ పట్టుకున్నది ఆమె. మెల్లగా దింపారు. మాస్కు తీసింది. మొహం చుట్టూ గీత ఉంది, అణిగిన గీత, లేచిన తోలు లేదు. దగ్గు లేదు. సారు కాగితం చూసి, లీకు లేదు, టీంలోకి తీసుకుంటున్నాం అని అందరికీ చెప్పినంత మామూలుగా చెప్పి తర్వాతి పేరుకు పోయాడు. తల్లికి ఆమె వాళ్ల భాషలో చెప్పింది. తల్లి లేచి, స్ట్రెచర్ మీది బొమ్మ దగ్గరికి పోయి, దాని మీది దుప్పటి సర్ది వచ్చింది.

మాస్కులన్నీ బల్ల మీద పెట్టి ఇంటివాళ్లు చూడొచ్చన్నారు. ఆమె తనది తుడిచి తెచ్చి, ఒకసారి పెట్టుకొని చూడమంది. పెట్టుకున్నాను. జర్రున గడ్డం కిందికి జారింది. ఆ రోజు నలుగురిలోకి వస్తున్నానని నేను పొద్దున్నే మొహానికి ఏమేం పూసుకున్నానో నాకే లెక్క లేదు. ఆమె అప్పుడు నవ్వింది, మొదటిసారి, పళ్లన్నీ కనపడేలా. తడిబట్ట తీసుకుని నా నుదురు, చెంపలు, గడ్డం చిన్నపిల్లకు తుడిచినట్టు తుడిచింది. మాస్కు మళ్లీ పెట్టి, తల వెనుక పట్టీలు ఒక్కొక్కటి బిగించింది. లోకం అద్దం వెనక్కి పోయింది. నా ఊపిరి నాకే పెద్దగా వినిపిస్తోంది.

"ఇగ పీల్చు అక్కా" అని పైపు మూతికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

పీల్చాను. రబ్బరు నా మొహాన్ని నలువైపులా పట్టుకుంది. గాలి లేదు. ఎక్కడా లేదు. ముప్పై రెండేళ్లలో నా నోటికి మాట దొరకని క్షణం అదొక్కటే. కళ్లు పెద్దవి చేసి ఆమెను చూశాను. ఆమె నన్నే చూస్తూ, లోపల ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకుని, చెయ్యి తీసింది.

గాలి వచ్చింది.